నీళ్ళు పోయకుండా తుడిచిన కారు

ఆ కారు తుడిచిందెవరని నాలుగుసార్లు రాశాను. మొదటిసారి ఆ స్పోర్ట్స్ కార్ల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, అందరూ చూసేలా. రెండోసారి ఆ గ్రూపు కార్యదర్శికి విడిగా. మూడోసారి కాగితం మీద రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. నాలుగోసారి హిందీలో రాశాను, రాయపూర్ వాళ్ళకి తెలుగు అర్థం కాలేదేమోనని. ఒక్కరూ జవాబివ్వలేదు. గ్రూపులో నా ప్రశ్న కింద ఎవరో దండం పెడుతున్న చేతుల బొమ్మ పెట్టారు, అంతే. తర్వాత పావుగంటకి ఎవరిదో కొత్త కారు సైలెన్సర్ ఫొటో వచ్చింది, దాని కింద నలభై మెసేజీలు.

పదకొండు నెలలైంది. ఈ పదకొండు నెలల్లో బచేలీలో ఒక ఇంటి గుమ్మం నాకు మూసుకుపోయింది. ఆ ఇంటావిడ నా స్నేహితుడి భార్య. చనిపోయిన తన భర్త సొంత చేతులతో రంగు వేసిన కారుని నేను పాడుచేశానని ఆవిడ నమ్ముతోంది. పాడుచేసింది నేను కాదు. ఎవరో వాళ్ళకి తెలుసు. వాళ్ళలో ఒకడు ఆవిడ ముందుకి వచ్చి ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట చెప్పడం లేదు కాబట్టి నేను మొత్తం రాస్తున్నాను.

నేనూ ఆ స్నేహితుడూ, అదే మావాడు, కిరండూల్ కొండమీద ఇనుప రాయి మోసే డంపర్ల వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేశాం. ఇద్దరిదీ విజయనగరం వైపే. ఇక్కడికొచ్చాకే పరిచయం. మేం రిపేరు చేసిన డంపరు చక్రం మనిషికన్నా ఎత్తు. రోజంతా అలాంటివాటి కింద దూరి పనిచేసినవాడికి నేలకి జానెడెత్తులో ఉండే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు మీద ఎందుకు మనసు పోయిందో నాకు మొదట్లో అర్థం కాలేదు. విశాఖలో ఒక గోడౌను వెనక తుప్పుపట్టి పడి ఉన్నదాన్ని లారీ మీద తెచ్చాడు. సీట్లు లేవు, అద్దాల్లేవు. ఇంజన్లో ఎలకలు కాపురం పెట్టాయి. దాన్ని మళ్ళీ నడిపించడానికి మాకు ఆరేళ్ళు పట్టింది. ఇంజన్ నేను కట్టాను. ఈ సంగతి కార్యదర్శి ఏ వేదిక మీదా చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. ఇంజన్ నేను కట్టాను, రంగు వాడు వేశాడు.

ఆ రంగు సంగతి తెలియాలంటే ఇక్కడి ధూళి సంగతి తెలియాలి. మామూలు ఊళ్ళ దుమ్ము కాదిది, ఇనుప రాయి పొడి. ఆరేసిన చొక్కా మీదా, తులసికోట మీదా, కిటికీ ఊచల మీదా ఎర్రగా పేరుకుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే గాజుపొడిలా గీరుకుంటుంది. అందుకే టౌన్‌షిప్పుల్లో స్కూటరున్న ప్రతివాడికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. ముందు నీళ్ళు. పైనుంచి మూడు బకెట్లు పోసి, ధూళి దానంతటది కిందికి జారిపోయాకే గుడ్డ పట్టుకోవాలి. పొడిగా తుడిచావో, నీ బండిని నువ్వే గరుకుకాగితం పెట్టి రుద్దినట్టు. కొత్తగా వచ్చిన కోడలికి కూడా మొదటివారంలోనే చెప్తారు, అత్తగారి అద్దాల బీరువా గీతలు పడకముందే.

ఇలాంటి చోట కారుకి రంగు వెయ్యాలంటే ఏడాదిలో పదిహేను రోజులే వీలు. వానల్లో వేస్తే తేమకి రంగు తెల్లబారిపోతుంది. నేల ఎండాక వేస్తే ధూళి లేచి పచ్చి రంగు మీద కూర్చుంటుంది. వానలు తగ్గి, నేల ఇంకా తడిగా ఉండి, గాలి మాత్రం ఆరిన ఆ పదిహేను రోజులు అక్టోబరులో వస్తాయి. మావాడు వరసగా మూడు అక్టోబర్లు సెలవు పెట్టాడు. ఒక పూత వెయ్యడం, ఆరాక నీళ్ళలో తడిపిన సన్న గరుకుకాగితంతో రుద్దడం, మళ్ళీ పూత. ముదురు నీలం. మూడో ఏడు చివరి పూత ఆరాక నన్ను పిలిచి బానెట్ మీదకి వంగి చూడమన్నాడు. నా ముక్కులో వెంట్రుకలు కనిపించాయి. ఆ మాటే అన్నాను. "కత్తిరించుకోరా, నా కారు పరువు పోతాది" అన్నాడు.

ఆ కారు వల్లే వాళ్ళు మా జీవితాల్లోకి వచ్చారు. వైజాగు, రాయపూర్, జగదల్‌పూర్ నుంచి ఒక ఇరవైమంది. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, హోటళ్ళున్నవాళ్ళు. అందరికీ స్పోర్ట్స్ కార్లు. ఏటా జనవరిలో ఒక ఆదివారం గీదంలో కలుసుకుని, దంతెవాడ, బచేలీల మీదుగా కిరండూల్ దాకా వరసగా నడుపుకుంటూ వచ్చేవాళ్ళు. మిగతావాళ్ళవి కొన్న కార్లు, మావాడిది చేసుకున్న కారు, కాబట్టి వాడంటే వాళ్ళకి గౌరవం. నన్ను మాత్రం డంపర్ అంకుల్ అనేవాళ్ళు. రెండో ఏడు అందరికీ గ్రూపు పేరున్న టోపీలు పంచారు. నాకివ్వలేదు. అడిగితే కార్యదర్శి, "మీకు కారు లేదు కదంకుల్" అన్నాడు. వైజాగు కుర్రాడే, తెలుగువాడే. ఆ టోపీ నాకు అక్కర్లేదు, జుట్టు ఊడిన తల మీద ఎరుపు నప్పదు కూడా. ఇవ్వకపోవడం మాత్రం గుర్తుంది.

పోయినేడు జులైలో మావాడు పోయాడు. గుండె. పొద్దున్న టిఫిన్ తింటూ తింటూ పక్కకి వాలిపోయాడట, ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. పెద్దకర్మకి గ్రూపులోంచి ఇద్దరొచ్చారు. డిసెంబరులో కార్యదర్శి ఫోన్ చేశాడు. ఈసారి జనవరి డ్రైవ్ వాడి సంస్మరణగా చేస్తారట. కారుని కిరండూల్ మైదానంలో మధ్యన నిలబెట్టి, మిగతా కార్లన్నీ చుట్టూ నిలిపి, మౌనానికి బదులు ఒక్క నిమిషం అన్ని ఇంజన్లూ ఒక్కసారిగా మోగిస్తారట. ఆలోచన బాగానే ఉందని నాకూ అనిపించింది. "లోకల్ పనులన్నీ మీరే చూసుకోవాలంకుల్, మీరు తప్ప మాకెవరున్నారు" అన్నాడు.

చూసుకున్నాను. మైదానం కోసం కంపెనీ ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాను. ఇరవై కార్లు వరసగా ఈ రోడ్డెక్కుతుంటే ముందు చెప్పకపోతే ప్రతి చెక్‌పోస్టులోనూ దింపి డిక్కీలు తెరిపిస్తారు, అందుకని ప్రతి ఠాణాకీ వెళ్ళి అర్జీ ఇచ్చాను. దంతెవాడ ఠాణాలో రాతకోతలు చూసే మున్షీ, చచ్చిపోయినవాడి కోసం కార్లు మోగించడమేమిటని హిందీలో మూడుసార్లు అడిగి, చివరికి అర్జీలో 'ధార్మిక కార్యక్రమ్' అని తనే రాసుకున్నాడు. టెంటు, కుర్చీలు, మైకు, వంటవాళ్ళు. అన్నిటికన్నా పెద్ద పని స్పీడ్ బ్రేకర్లు. గీదం నుంచి కిరండూల్ దాకా వాటన్నిటినీ స్కూటరు మీద తిరిగి లెక్కపెట్టి, వాటిలో ఏవి ఈ కార్ల పొట్టకి తగులుతాయో గుర్తు పెట్టుకుని, చక్రాల కింద వెయ్యడానికి నాలుగు ఏటవాలు చెక్కలు చేయించాను.

కారు కోసం ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మావాడు పోయాక ఆ షెడ్డు తలుపు ఆవిడ తియ్యలేదు. అప్పటికి ఆరు నెలల ధూళి కారు మీద ఎర్రగా దుప్పటిలా పరుచుకుని ఉంది. ఆవిడ కారు తాళం తెచ్చి కాసేపు కొంగులోనే పట్టుకుని నిలబడింది.

"మీ చేతికే ఇస్తన్నాను అన్నయ్యా. ఇంకెవరి చేతికీ వెళ్ళకూడదు. మళ్ళీ మీ చేత్తోనే తెచ్చియ్యాలి."

"అలాగే చెల్లెమ్మా" అన్నాను.

శనివారం నాడు కారుని బచేలీ నుంచి మెల్లగా నడుపుకుంటూ వచ్చి మైదానంలో టెంటు కింద పెట్టాను. రాత్రికి అక్కడ కాపలాదారు ఉన్నాడు. ఆదివారం పొద్దున్న నీళ్ళు పోసి నేనే కడుగుదామనుకున్నాను. డ్రమ్ము నిండా నీళ్ళు కూడా పట్టించాను. అట్ట మీద తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించాను: నీళ్ళు పోయకుండా చెయ్యి పెట్టవద్దు.

ఆదివారం ఏడున్నరకి కార్యదర్శి, అతని ముఠాలో ముగ్గురూ మైదానానికి వచ్చారు. వాళ్ళు తమ కార్లు తేకుండా ముందురోజే రైల్లో వచ్చి గెస్ట్‌హౌసులో దిగారు. మిగతా కార్లు గీదంలో ఎదురుచూస్తున్నాయనీ, చెక్కలతో నేను వెంటనే బయల్దేరాలనీ కార్యదర్శి అన్నాడు. కారు కడిగి వెళ్తానన్నాను. టైము లేదన్నాడు. కారుని అంగుళం జరపాలన్నా తాళం కావాలి కదా, ఇచ్చి వెళ్ళమన్నాడు.

నేను ఇచ్చాను.

ఈ వాక్యం నా నాలుగు ఉత్తరాల్లోనూ లేదు. ఆవిడకీ చెప్పలేదు. ఇచ్చాను, ఇస్తూ చెప్పాను కూడా. "కారు ఒంటిమీద గుడ్డ పెట్టకండి. వచ్చి నేను కడుగుతాను. ఇక్కడి దుమ్ము వేరు." అతను నా భుజం తట్టి, "మీరు డంపర్లు చూసుకోండంకుల్, కార్లు మేం చూసుకుంటాం" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకు ఇప్పటికీ కడుపు మంట.

గీదంలో చెక్కలు వేస్తూ, తీస్తూ, ముందుకి పరిగెత్తి మళ్ళీ వేస్తూ ఒక్కో కారునీ దాటించాను. పదహారు కార్లు. కూడలిలో టీ హోటలాయన, భద్రాచలం వైపు మనిషి, గ్లాసు కడుగుతూ చూసి, "ఏంది సారూ, ఇవి ఎక్కి పోయే బండ్లా, ఎత్తుకొని పోయే బండ్లా?" అన్నాడు. కార్లలో కూర్చున్న ఒక్కడూ దిగి చెయ్యి వెయ్యలేదు. ఒకాయన అద్దం దించి, చెక్కకి మేకు ఉందేమో చూడమని హిందీలో చెప్పి అద్దం ఎత్తేశాడు.

మేం కిరండూల్ చేరేసరికి పదకొండు దాటింది. మైదానం గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. మావాడి ఫొటో. ఆ ఫొటో నాకు తెలుసు. షెడ్డు ముందు మేమిద్దరం నిలబడి తీయించుకున్నది. అందులో నన్ను కత్తిరించేశారు. సరిగ్గా కత్తిరించడం కూడా చేతకాక, మావాడి భుజం మీద నా నాలుగు వేళ్ళు వదిలేశారు. చూపుడువేలికి గోరు లేదు, జాకీ కింద పడి పోయింది. ఎవరి వేళ్ళో తెలియని చెయ్యి ఒకటి చచ్చిపోయినవాడి భుజం మీద ఉంటే ఎలా ఉంటుందో చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. పోనీ అనుకున్నాను. ఆ రోజు అది నా రోజు కాదు.

టెంటు కింద లేదు కారు. ఎండలోకి తెచ్చి పెట్టారు. దూరంనుంచి ధగధగా మెరుస్తోంది. డ్రమ్ములో నీళ్ళు నేను పట్టించినవి పట్టించినట్టే ఉన్నాయి, అంచు దాకా. అట్ట నేలమీద బోర్లా పడి ఉంది. కారు పక్కన కుర్చీలో మెత్తటి పసుపుపచ్చ గుడ్డలు నాలుగో అయిదో, ఇటుక రంగుకి తిరిగి. పక్కనే స్ప్రే సీసాలు. తర్వాత చదివాను సీసా మీద. నీళ్ళు అక్కర్లేదు, చల్లి తుడిస్తే చాలు అని ఉంది. వైజాగు దుమ్ముకి సరిపోతుందేమో. వాళ్ళంతా కార్ల గురించి తెలిసినవాళ్ళు కాబట్టే ఆ సీసాని నమ్మారు. ఏమీ తెలియనివాడైతే బకెట్టు నీళ్ళు పోసి ఉండేవాడు.

దగ్గరికెళ్ళి బానెట్ మీదకి వంగాను. మొహం కనిపించలేదు. ఎండలో గీతలు, సాలెగూడులా గుండ్రగుండ్రంగా. తలుపులు, పైకప్పు, వెనక భాగం, ఎక్కడ చూసినా అవే. చెయ్యి తిప్పి తిప్పి ఎంత శ్రద్ధగా తుడిచారో ఆ గీతలే చెప్తున్నాయి. మూడు అక్టోబర్ల పని.

"ఎవరు తుడిచారు?" అన్నాను.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను మళ్ళీ అడిగాను. కార్యదర్శి నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, ప్రోగ్రాం మొదలవుతోందనీ, తర్వాత మాట్లాడదామనీ అన్నాడు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు.

ఆవిడ వచ్చింది. తెల్లచీర కట్టలేదు, మావాడికి ఇష్టమైన ఆకుపచ్చ చీర కట్టుకుంది. మొదటి వరసలో కూర్చోబెట్టారు. కార్యదర్శి మైకులో మాట్లాడాడు. చనిపోయినవాడి అభిరుచి, పట్టుదల, ఒంటిచేత్తో ఆ కారుకి ప్రాణం పోయడం. ఒంటిచేత్తో అన్నప్పుడు నేను వెనక కుర్చీలు సర్దుతున్నాను. తర్వాత ఇంజన్లు మోగించారు. పదిహేడు కార్లు, నిమిషం పాటు. మధ్యలో మావాడి ఇంజన్ ఒక్కటే గొంతు మారకుండా, తొణక్కుండా మోగింది. దాన్ని నేను కట్టాను.

అయ్యాక ఆవిడ లేచి కారు దగ్గరికి వెళ్ళింది. పూలదండ బానెట్ మీద పెట్టబోయి, ఆగి, అరచేత్తో నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరింది. తర్వాత మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఆ ధూళి సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, ముప్ఫయ్యేళ్ళుగా ఇక్కడే ఉంది.

"ఇదేటి?" అంది, ఎవరినీ చూడకుండా. "ఎవరు చేశారిది?"

నేను నోరు తెరిచేలోపే కార్యదర్శి అన్నాడు, చాలా మర్యాదగా, చేతులు కట్టుకుని:

"తాళం అంకుల్ దగ్గరే ఉంది మేడమ్. నిన్నటి నుంచీ కారు ఆయనే చూసుకుంటున్నారు."

ఆవిడ నా వైపు తిరిగింది. నిజానికి ఆ క్షణంలో తాళం నా జేబులోనే ఉంది. మోగించడం అవగానే అతనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. పొద్దున్న ఇతనికి ఇచ్చి వెళ్ళాను చెల్లెమ్మా, అని. చెప్తే, ఇంకెవరి చేతికీ వెళ్ళకూడదన్న మాట తప్పినట్టు ఒప్పుకున్నట్టే. ఆ ఒక్క లెక్క నా బుర్రలో తిరిగేంతసేపు నేను మాట్లాడలేదు. ఆవిడకి ఆ కాస్త ఆలస్యం చాలింది. దండ కారు మీద పెట్టకుండా చేత్తో పట్టుకునే వెళ్ళి జీపెక్కింది.

సాయంత్రం కారు తీసుకెళ్ళి షెడ్డులో పెట్టాను. తాళం తీసుకోవడానికి ఆవిడ బయటికి రాలేదు. జాలీ తలుపు సందులోంచి చెయ్యి చాపింది. ఆ తర్వాత పండక్కి వెళ్ళాను, సంవత్సరీకానికి వెళ్ళాను. సంవత్సరీకం నాడు భోజనం వడ్డించారు, ఆవిడ మాత్రం నా విస్తరి వైపు రాలేదు. ముప్ఫయ్యేళ్ళు ఆ ఇంట్లో అడిగి వడ్డించుకు తిన్నవాడిని.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఆదివారం కార్యదర్శి నుంచి మెసేజి వచ్చింది. పదకొండు నెలల్లో మొదటిది. నా ఉత్తరాలకి జవాబేమో అనుకుని, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను, కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాను. "హాయ్ అంకుల్, ఈ జనవరిలో రెండో సంస్మరణ డ్రైవ్. లోకల్ ఏర్పాట్లు ఎప్పటిలాగే మీరే. మేడమ్‌తో మాట్లాడి కారు కూడా రెడీ చేయించండి." అంతే. నా ప్రశ్న అసలు పుట్టనే లేదన్నట్టు.

మర్నాడు బచేలీ వెళ్ళాను. ఆవిడ జాలీ తలుపు వెనక నిలబడింది, గడియ తియ్యలేదు. నేను మెట్టు మీదే నిలబడి, ఆ రోజు చెప్పనిది చెప్పాను. తాళం నేనే ఇచ్చాను, మాట తప్పాను, కారు మీద గుడ్డ పెట్టింది మాత్రం నేను కాదు. లోపల కుక్కర్ కూసింది. ఆవిడ వెళ్ళి స్టవ్ ఆపి మళ్ళీ వచ్చింది.

"తాళం ఇచ్చింది మీరు. సరే, ఇన్నాళ్ళకైనా చెప్పారు. మరి తుడిచిందెవరు?"

"తెలీదు చెల్లెమ్మా. ఆ నలుగుర్లోనే ఎవరో. ఎన్నిసార్లడిగినా చెప్పడం లేదు."

"ఆయన మూడేళ్ళు రుద్దిన రంగు అది. ఆయన చెయ్యి తగిలింది ఏదైనా ఈ ఇంట్లో మిగిలిందంటే అదే." గొంతు పెంచలేదు. "ఎవరో తెలీదంటే నేనేటి అనుకోవాలి అన్నయ్యా? తుడిచినోళ్ళని తెచ్చి నా ముందు చెప్పించండి. అందాకా మీరూ వాళ్ళూ నాకొకటే."

ఇంతకన్నా పెద్ద తిట్టు నన్ను జీవితంలో ఎవరూ తిట్టలేదు. నన్నూ వాళ్ళనీ ఒక గాటన కట్టింది. ఆ హక్కు ఆవిడకుంది. వాళ్ళు మాత్రం ఏ హక్కుతో నన్ను అక్కడ నిలబెట్టి తప్పుకున్నారో వాళ్ళే చెప్పాలి.

కాబట్టి కార్యదర్శిగారూ, మీ మెసేజికి జవాబు ఇది. మైదానం అడగను. ఠాణాలకి వెళ్ళను. మీ కార్ల పొట్టలు మీరే చూసుకోండి. నాకు క్షమాపణ వద్దు, నా ఫొటో ఫ్లెక్సీ మీద వద్దు. ఆ ఆదివారం ఏడున్నర నుంచి పదకొండు దాకా ఆ కారు దగ్గర నలుగురే ఉన్నారు, అందులో మీరొకరు. తెలియక చేశామంటే చెప్పండి, ఆవిడ వింటుంది. మంచిదనుకుని చేశామన్నా వింటుంది. వినడానికి ఆవిడ పదకొండు నెలలుగా తలుపు వెనక నిలబడి ఉంది. బచేలీ రండి. ఆ మెట్టు మీద నిలబడండి. నా పేరు ఎత్తకుండా, తాళం మాట తేకుండా, సూటిగా ఆవిడకి చెప్పండి. గుడ్డ పట్టుకున్నది ఎవరు?